క్వియర్, ట్రాన్స్‌జెండర్ సముదాయాలలో జాతి, కుల వివక్ష

క్వియర్, ట్రాన్స్‌జెండర్ సముదాయాలలో జాతి, కుల వివక్ష అనగా లైంగికత వలన గాని, లింగ గుర్తింపు వలన గాని సమాజంలో వెలివేతకు గురైన సముదాయాల లోపలనే పుట్టుక, చర్మపు రంగు, కులం, మతం, భాషలను బట్టి పాటించబడే ఎక్కువ తక్కువలు. దీనితో పాటు సాంస్కృతిక స్వాయత్తం అనే మరొక అంశం కూడా చర్చకు వస్తుంది. ఒక వర్గం వారు బాధలు పడి నిలుపుకున్న పేర్లు, ఆచారాలు, కళలు, వేషధారణలను మరొక వర్గం వారు తమవిగా చేసుకొని గౌరవమో ధనమో పొందడం, మొదటి వర్గం మాత్రం ఉన్నచోటనే ఉండిపోవడం దీని సారాంశం.

అమెరికా, ఐరోపా, కెనడా దేశాలలో ఈ చర్చ ప్రధానంగా నల్లజాతి, లాటినో, ఆసియా, ఆదివాసీ ప్రజలకు సంబంధించినది. భారతదేశంలో, అందునా తెలుగు ప్రాంతాలలో, ఇది ముఖ్యంగా కులానికి, ఆ తరువాత మతానికి, ఆంగ్ల భాషకు సంబంధించినది. "ఇక్కడికి వచ్చాక అందరం ఒకటే" అనే మాట ఈ సముదాయాలలో తరచుగా వినిపిస్తుంది. ఆ మాట ఎంతవరకు నిజమన్నదే ఈ చర్చకు మూలం. సభలలో ఎవరు మాట్లాడతారు అనే దగ్గర నుండి ప్రభుత్వ ఉద్యోగాలలో రిజర్వేషన్ ఎవరికి అందుతుంది అనే వరకు దీని ప్రభావం ఉన్నది.

పదజాలం

క్వియర్ అనే ఆంగ్ల పదం మొదట తిట్టుగా వాడుకలో ఉండేది. 1980ల చివరి నుండి ఉద్యమకారులు దానిని సగర్వంగా స్వీకరించారు. స్త్రీపురుష దాంపత్యమే సహజమనే కట్టుబాటుకు వెలుపల ఉన్న వారందరికీ ఇది ఉమ్మడి పేరుగా మారినది. పుట్టినప్పుడు నమోదైన లింగంతో తమను తాము పోల్చుకోని వ్యక్తులను ట్రాన్స్‌జెండర్ అంటారు. హిజ్రా అన్నది కేవలం లింగ గుర్తింపు కాదు. అది గురువు, చేలా సంబంధాలపై నడిచే ఒక కుటుంబ వ్యవస్థ. అందువలన హిజ్రాలు అందరూ ట్రాన్స్‌జెండర్ అనే విస్తృత పదం కిందికి వచ్చినా, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులందరూ హిజ్రాలు కారు. స్త్రీ స్వభావం గల పురుషులు హిజ్రా సముదాయపు రహస్య భాషలో తమను తాము కోతి అని పిలుచుకుంటారు. ఈ పదానికి తెలుగులో జంతువు పేరైన పదంతో సంబంధం లేదు.

తెలుగులో పేడి, నపుంసకుడు అనే పాత పదాలు కలవు. కొజ్జా, మాడా అనే మాటలు తిట్టుగానే వాడబడుతున్నందున వాటిని వాడరాదని సముదాయం వారు కోరుతున్నారు.

ప్రపంచ నేపథ్యం

1969 జూన్ 28న న్యూయార్క్ నగరంలోని స్టోన్‌వాల్ అనే మధుశాలపై పోలీసులు దాడి చేసినప్పుడు జరిగిన తిరుగుబాటు ఆధునిక క్వియర్ ఉద్యమానికి ఒక మైలురాయి. ఆ ఉద్యమంలో ప్రముఖులైన మార్షా పి. జాన్సన్ నల్లజాతి వ్యక్తి కాగా, సిల్వియా రివేరా లాటినో మూలాలు గల ట్రాన్స్ మహిళ. ఇల్లు లేని యువతకు ఆశ్రయం కల్పించేందుకు వీరిద్దరూ కలిసి 1970లో ఒక సంస్థను నెలకొల్పారు. అయితే 1973లో న్యూయార్క్ ప్రైడ్ సభలో జైళ్ళలో మగ్గుతున్న ట్రాన్స్ వ్యక్తుల గురించి మాట్లాడబోయిన రివేరాను సభికులు గేలి చేశారు. ఉద్యమానికి ముందు నడిచిన వారినే ఉద్యమం పక్కకు నెట్టిన సందర్భంగా దీనిని చెబుతారు.

ఇటువంటిదే బాల్‌రూమ్ సంస్కృతి కథ. స్త్రీవేష పోటీలలో తెల్లజాతి వారికే బహుమతులు దక్కుతున్నాయని నిరసించిన క్రిస్టల్ లబేజా 1970ల ఆరంభంలో న్యూయార్క్‌లోని హార్లెం ప్రాంతంలో తన పేరుతో ఒక "హౌస్"ను స్థాపించింది. ఇంటి నుండి గెంటివేయబడిన నల్లజాతి, లాటినో యువతకు ఈ హౌస్‌లు కుటుంబాలయినవి. ఒక్కొక్క దానికి ఒక "తల్లి", ఆమెకు "పిల్లలు" ఉంటారు. ఈ ఏర్పాటు హిజ్రాల గురు చేలా వ్యవస్థను తలపిస్తుంది. ఆ సభలలో పుట్టిన వోగ్ అనే నృత్యశైలి 1990లో మడోన్నా పాటతో ప్రపంచ ప్రసిద్ధమైనది. అదే సంవత్సరం జెన్నీ లివింగ్‌స్టన్ తీసిన "పారిస్ ఈజ్ బర్నింగ్" డాక్యుమెంటరీని నల్లజాతి రచయిత్రి బెల్ హుక్స్ విమర్శించింది. వారి జీవితాన్ని తెల్లజాతి ప్రేక్షకులకు వినోదంగా మార్చారన్నది ఆమె అభ్యంతరం.

అదే 1990లో కెనడాలోని విన్నిపెగ్‌లో సమావేశమైన ఆదివాసీ ప్రతినిధులు "టూ స్పిరిట్" అనే పదాన్ని తమ కోసం ఎంచుకున్నారు. ఇతరులు ఆ పదాన్ని తమకు తగిలించుకోరాదని వారు కోరుతున్నారు. 2016లో టొరంటో ప్రైడ్ ఊరేగింపును నల్లజాతి ఉద్యమకారులు బైఠాయించి ఆపివేశారు. 2017లో ఫిలడెల్ఫియా నగరంలో ఇంద్రధనుస్సు జెండాకు నలుపు, గోధుమ రంగు చారలు చేర్చారు. 2018లో డేనియల్ క్వేసర్ రూపొందించిన కొత్త జెండాలో కూడా ఆ చారలకు చోటు దక్కినది.

అమెరికాలో నల్లజాతి న్యాయశాస్త్రవేత్త కింబర్లే క్రెన్‌షా 1989లో ఇంటర్‌సెక్షనాలిటీ అనే భావనను ప్రతిపాదించింది. కూడలిలో నిలబడిన వ్యక్తిని ఏ రోడ్డు మీద వచ్చే బండి అయినా గుద్దవచ్చు, రెండు వైపుల నుండీ ఒకేసారి గుద్దవచ్చు. రెండు వివక్షలు ఒకే వ్యక్తిపై పడినప్పుడు ఏ ఒక్క దానిని విడిగా చూసినా ఆ వ్యక్తి బాధ అర్థం కాదని దీని భావం. తెలుగు సాహిత్యంలో ఇదే ప్రశ్న స్త్రీవాదం విషయంలో వచ్చినది. 1993లో వెలువడిన "నీలిమేఘాలు" కవితా సంకలనం తరువాతి చర్చలలో దళిత స్త్రీలు తమ అనుభవం వేరని గట్టిగా వాదించారు. ఆ తరువాత గోగు శ్యామల సంపాదకత్వంలో దళిత స్త్రీల రచనలతో "నల్లపొద్దు" వెలువడినది.

తెలుగు ప్రాంతాలలో చారిత్రక నేపథ్యం

నేరస్థ ముద్ర

బ్రిటిష్ ప్రభుత్వం 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టంలో రెండు భాగాలు ఉండేవి. మొదటి భాగం కొన్ని సంచార జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ప్రకటించడానికి ఉద్దేశించినది. రెండవ భాగం "నపుంసకుల" పేర్లను పోలీసు జాబితాలో నమోదు చేయడానికి ఉద్దేశించినది. పుట్టిన జాతిని బట్టి, లింగాన్ని బట్టి మనిషిని నేరస్థునిగా ఎంచే రెండు ఆలోచనలు ఈ విధంగా ఒకే చట్టంలో చేరినవి.

వాడరేవు, చీరాల, బాపట్ల, గుంటూరు పరిసరాలలోని పత్తి, మిరప పండే మైదానం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1911లో నేరస్థ జాతుల చట్టాన్ని తిరగరాసినప్పుడు అది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తించినది. ఆ చట్టం కింద ఎరుకల కులస్థుల కోసం 1910ల దశకంలో బాపట్ల, చీరాల మధ్య స్టువర్టుపురం సెటిల్మెంటు ఏర్పడినది. సాల్వేషన్ ఆర్మీ దానిని నిర్వహించినది. చట్టం 1952లో రద్దయినా ఆ ఊరి పేరుకు అంటిన ముద్ర చాలాకాలం పోలేదు.

ఈ మైదానంలో కులం గురించిన చర్చ రక్తపాతంతో ముడిపడినది. 1985 జూలై 17న చీరాల సమీపంలోని కారంచేడులో ఆరుగురు దళితులు హత్యకు గురయ్యారు. మిగిలిన వారు ఊరు విడిచి చీరాలలో తలదాచుకున్నారు. ఆ ఘటన నుండి దళిత మహాసభ పుట్టినది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులు హత్యకు గురయ్యారు. ఈ ఉద్యమాలలో బలపడిన ఆత్మగౌరవం, స్వాభిమానం అనే మాటలే తరువాతి కాలంలో తెలుగు ట్రాన్స్‌జెండర్, క్వియర్ ఉద్యమాల నినాదాలలోనూ వినిపించినవి. హైదరాబాదు ప్రైడ్ ఊరేగింపునకు స్వాభిమాన యాత్ర అనే పేరు కూడా వాడుకలోకి వచ్చినది.

నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అనగా 1919లో, నపుంసకుల చట్టం చేయబడినది. స్త్రీ దుస్తులు, నగలు ధరించి వీధిలో కనిపించిన, లేదా బహిరంగ స్థలంలో ఆడిపాడిన "నపుంసకుని" వారంటు లేకుండా అరెస్టు చేసి రెండు సంవత్సరాల వరకు జైలుశిక్ష విధించే అధికారం ఈ చట్టం ఇచ్చినది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా ఇది తెలంగాణ ప్రాంతంలో అమలులో ఉన్నది. వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు వేసిన వ్యాజ్యంలో తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో దీనిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది. ఆసరా పింఛను పథకాన్ని ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు వర్తింపజేయాలని కూడా ఆదేశించినది.

స్త్రీ వేషం: సన్మానం, శిక్ష

పురుష దేహం స్త్రీ వేషం ధరించడం తెలుగువారికి కొత్త కాదు. బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావు తెనాలి రామవిలాస సభ నాటకాలలో సత్యభామ, చింతామణి వంటి స్త్రీ పాత్రలతో ఆంధ్రదేశమంతటా కీర్తి పొందాడు. ఆయనకు 1956లో పద్మశ్రీ లభించినది. కూచిపూడి నాట్యంలో వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామ, ఉష పాత్రలకు ప్రసిద్ధుడు. ఆయనకు 1970లో పద్మశ్రీ లభించినది. "నర్తనశాల" (1963) చిత్రంలో నందమూరి తారక రామారావు బృహన్నల పాత్రను ప్రేక్షకులు ఆదరించారు.

వీరు నటులు. రంగస్థలం దిగిన తరువాత వారి పురుషత్వాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. అదే వేషాన్ని నిత్యజీవితంగా స్వీకరించిన వారికి, ఆనాడు హైదరాబాదు వీధులలో చట్టప్రకారం జైలు, మిగిలిన చోట్ల ఎగతాళి దక్కినవి. స్త్రీ వేషం ఒకటే అయినా దానిని ఎవరు, ఎక్కడ, ఎవరి అనుమతితో ధరించారన్న దానిని బట్టి సన్మానమో శిక్షో లభించినదని పరిశీలకులు చెబుతారు.

ఇందులో కులం పాత్ర కూడా ఉన్నది. కూచిపూడిలో స్త్రీ వేషం కొన్ని బ్రాహ్మణ కుటుంబాల పురుషులకు వంశపారంపర్యంగా వచ్చిన హక్కు. హర్షిత మృత్యింటి కామత్ 2019లో ప్రచురించిన గ్రంథంలో ఈ సంప్రదాయాన్ని బ్రాహ్మణ పురుషత్వంతో ముడిపెట్టి విశ్లేషించినది. మరొక వైపు, తరతరాలుగా ఆటపాటలే వృత్తిగా గల కళావంతుల స్త్రీలు 1947 నాటి మద్రాసు దేవదాసీ నిరోధక చట్టం నాటికే నిందకు గురై వేదికలకు దూరమవుతున్నారు. శాస్త్రీయ నృత్యం మధ్యతరగతి ఇళ్ళలోకి గౌరవంగా ప్రవేశించినది కూడా ఆ కాలంలోనే. భారతదేశంలో సాంస్కృతిక స్వాయత్తం గురించి మాట్లాడేవారు ఈ ఉదాహరణను తరచుగా ప్రస్తావిస్తారు.

హిజ్రా వ్యవస్థలో కులం, మతం

హిజ్రా సముదాయంలో చేరిన వ్యక్తి పాత పేరును, ఇంటిపేరును వదలి గురువు ఇంటి మనిషి అవుతుంది. సిద్ధాంతరీత్యా ఇక్కడ కులం అడగరు. వేరు వేరు కులాల వారు ఒకే కంచంలో తింటారు. పల్లెలో వేరుగా కూర్చోబెట్టబడిన మనిషికి ఇది చిన్న విషయం కాదు.

గాయత్రి రెడ్డి 1990లలో హైదరాబాదు, సికింద్రాబాదులలో హిజ్రాల మధ్య పరిశోధన జరిపి 2005లో షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయం ద్వారా ఒక గ్రంథం ప్రచురించినది. ఆమె పరిశీలన ప్రకారం అక్కడి హిజ్రాలు, పుట్టుకతో హిందువులైన వారు కూడా, పలకరింపులలో, కొన్ని ఆచారాలలో ముస్లిం పద్ధతులు పాటిస్తారు. అదే సమయంలో బహుచర మాతను కొలుస్తారు. రెండు మతాల మధ్య గీత గీయకుండా బ్రతకడం ఈ సముదాయపు ప్రత్యేకత.

అయితే ఎక్కువ తక్కువలు లేవని కాదు. పెళ్ళిళ్ళకు, పురుళ్ళకు వెళ్ళి బధాయి తీసుకునే వారు తమను గౌరవనీయులుగా భావిస్తారు. లైంగిక వృత్తిలో ఉన్నవారిని తక్కువగా చూస్తారు. పురుష వేషంలోనే తిరిగే కోతులు, దేవతకు అంకితమైన జోగినులు, శివసత్తులు ఇంకా కింది మెట్టుపై ఉంటారు. ఇజ్జత్, అనగా పరువు, ఈ కొలతకు ప్రమాణమని గాయత్రి రెడ్డి వివరించినది. పేరుకు కులం లేకపోయినా, శుద్ధి, వృత్తి, పరువులను బట్టి మెట్లు కట్టే అలవాటు కులవ్యవస్థ నుండి వచ్చినదేనని దళిత ట్రాన్స్‌జెండర్ ఉద్యమకారులు వాదిస్తారు. బధాయికి వెళ్ళిన ఇంటి గడప దాటవచ్చునా లేదా అన్న విషయం సముదాయం చేతిలో లేదని, అది ఆ ఇంటివారి కులపు పట్టింపులపై ఆధారపడి ఉంటుందని కూడా వారు గుర్తుచేస్తారు.

2011 జనాభా లెక్కలలో మొదటిసారిగా పురుషుడు, స్త్రీ కాక "ఇతరులు" అనే అవకాశం ఇవ్వబడినది. దేశంలో 4,87,803 మంది ఈ విభాగంలో నమోదైనారు. అందులో 78,811 మంది షెడ్యూల్డు కులాల వారు, 33,293 మంది షెడ్యూల్డు తెగల వారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది నమోదైనారు. షెడ్యూల్డు కులాల వారి వాటా సుమారు 16 శాతం. ఇది దేశ జనాభాలో వారి వాటాకు దాదాపు సమానం. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ఏదో ఒక ప్రత్యేక కులం కాదని, ప్రతి కులంలోనూ పుడతారని ఈ లెక్క తెలుపుతుంది.

నగర ఉద్యమం, ఆంగ్ల భాష

హైదరాబాదులో మొదటి ప్రైడ్ ఊరేగింపు 2013 ఫిబ్రవరిలో జరిగినది. నగరాలలోని క్వియర్ బృందాలలో విద్యాధికులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఆంగ్లం ధారాళంగా మాట్లాడే వారు ఎక్కువ. హిజ్రాలు, కోతులు ఊరేగింపునకు రంగు తెస్తారే గాని నిర్ణయాలు చేసే చోట ఉండరన్న విమర్శ దేశంలోని అనేక నగరాలలో వినిపించినది. చీరాల, ఒంగోలు వంటి పట్టణాల నుండి, వాటి చుట్టుపక్కల పల్లెల నుండి వచ్చిన వారికి ఈ బృందాల భాష అర్థం కావడమే ఒక అడ్డంకి. తమ గురించి చెప్పుకొనడానికి తెలుగులో ఉన్నవి తిట్లు, ఆంగ్లంలో ఉన్నవి తెలియని మాటలు.

ఎయిడ్స్ నివారణ కార్యక్రమాలు ఈ తేడాను మరొక విధంగా స్థిరపరచినవి. ఆంధ్రప్రదేశ్ ఈ కార్యక్రమాలు విస్తృతంగా జరిగిన రాష్ట్రాలలో ఒకటి. వాటిలో పేద హిజ్రాలు, కోతులు "ప్రమాద వర్గం"గా లెక్కలలోకి ఎక్కారు. చదువుకున్న నగరవాసులు హక్కుల గురించి మాట్లాడే పౌరులుగా కనిపించారు.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు భారత శిక్షాస్మృతి 377వ సెక్షన్‌ను పరస్పర అంగీకారం గల పెద్దల విషయంలో చెల్లదని ప్రకటించినది. ఆ వ్యాజ్యంలో పేరు నిలిచిన వారిలో నర్తకుడు నవతేజ్ సింగ్ జోహార్‌తో పాటు హోటళ్ళ యజమానులు ఉన్నారు. 2023లో స్వలింగ వివాహాల వ్యాజ్యంలో, హైదరాబాదుకు చెందిన జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ కూడా పిటిషనర్లు. కేంద్రప్రభుత్వం ఆ కోరికను నగరాల సంపన్నుల అభిప్రాయంగా కొట్టిపారవేసినది. 2023 అక్టోబరు 17న తీర్పు చెబుతూ ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ క్వియర్‌గా ఉండడం నగరాలకో, పై తరగతికో పరిమితం కాదని స్పష్టం చేశాడు. వివాహ హక్కు మాత్రం లభించలేదు. ఉద్యమం తన ముఖంగా ఎవరిని నిలబెట్టుకుంటుందో దానిని బట్టి దాని వాదన బలం కూడా మారుతుందని ఈ సందర్భం చూపినది.

దళిత క్వియర్ స్వరం

2015 మే నెలలో ముంబాయి నుండి వెలువడే మిడ్-డే పత్రికలో ఒక తల్లి తన కుమారునికి వరుడు కావలెనని ప్రకటన ఇచ్చినది. దేశంలో ఇటువంటి మొదటి ప్రకటనగా అది ప్రశంసలు పొందినది. కులం పట్టింపు లేదంటూనే తమ కులపు వారైతే మేలని అందులో ఉన్నది. దళిత క్వియర్ వ్యక్తులు దీనిని గట్టిగా విమర్శించారు. స్వలింగ వివాహం కూడా పాత కులవివాహపు అచ్చులోనే పోయబడుతున్నదని వారు అన్నారు.

అదే సంవత్సరం నవంబరులో ఢిల్లీ ప్రైడ్‌లో ధ్రుబో జ్యోతి, అఖిల్ కాంగ్, ధీరేన్ బొరీసా తదితరులు తాము దళితులమని, క్వియర్‌లమని ఒకే గొంతుతో బహిరంగంగా ప్రకటించారు. పరిచయాల యాప్‌లలో ఇంటిపేరు అడిగి కులం తెలుసుకోవడం, రంగును బట్టి, మాటతీరును బట్టి తిరస్కరించడం వంటి అనుభవాలు వ్యాసాల రూపంలో వెలువడినవి. ఒక మనిషి తన లైంగికతను వెల్లడించడంతో పాటు కులాన్ని కూడా వెల్లడించవలసి రావడం, రెండవది కొన్నిసార్లు మొదటిదాని కంటే కష్టం కావడం ఈ రచనలలో తరచుగా కనిపించే అంశం.

తమిళనాడులో గ్రేస్ బాను, లివింగ్ స్మైల్ విద్య దళిత ట్రాన్స్ మహిళలుగా ఈ చర్చను ముందుకు తీసుకువెళ్ళారు. తెలంగాణలో రాష్ట్ర విభజన తరువాత ఏర్పడిన హిజ్రా ఇంటర్‌సెక్స్ ట్రాన్స్‌జెండర్ సమితి పోలీసు వేధింపులు, దాడులకు వ్యతిరేకంగా పనిచేసినది.

ప్రవాస తెలుగువారి విషయం మరింత చిక్కైనది. అమెరికాలో దక్షిణాసియా క్వియర్ ప్రజల కోసం 1986లో శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో త్రికోణ్ అనే సంస్థ ఏర్పడినది. తెల్లజాతి వారు అధికంగా ఉన్న బృందాలలో ఆసియావాసులకు ఎదురైన చిన్నచూపు ఇటువంటి సంస్థల అవసరాన్ని పెంచినది. ఆ చిన్నచూపు ఇంటర్నెట్ కాలంలోనూ కొనసాగినది. జాతిని బట్టి వ్యక్తులను వడపోసే సౌకర్యాన్ని గ్రైండర్ యాప్ 2020 జూన్‌లో గాని తొలగిస్తున్నట్లు ప్రకటించలేదు. మరొక వైపు, 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించినది. రంగును బట్టి వివక్షకు గురయ్యే వారే తమలో తాము కులాన్ని పాటించవచ్చునన్న వాస్తవాన్ని ఒక అమెరికా నగరం చట్టంలో గుర్తించడం ఇదే మొదటిసారి.

సాంస్కృతిక స్వాయత్తం

హిజ్రాలకు సంబంధించి ఈ విమర్శ మూడు విధాలుగా ఉన్నది.

మొదటిది పాశ్చాత్యుల వాడకం. ప్రాచ్య దేశాలలో "మూడవ లింగం" పూజలందుకుంటున్నదని చూపి, తమ దేశాలలోని ట్రాన్స్‌జెండర్ హక్కులకు ఆధారంగా వాడుకోవడం 1990ల నుండి పెరిగినది. ఇవాన్ టౌల్, లిన్ మోర్గన్ 2002లో రాసిన వ్యాసంలో దీనిని విమర్శించారు. పూజలందుకుంటున్నదని చెప్పబడే వ్యక్తి రైలు పెట్టెలో చేయి చాచవలసి రావడం ఆ వర్ణనలలో కనిపించదు.

రెండవది నగరవాసుల వాడకం. చప్పట్లు, రహస్య భాషలోని మాటలు, నడక, అలంకరణ వినోద వేదికలపై, సినిమాలలో, ఊరేగింపులలో అనుకరించబడుతున్నవి. హిజ్రా చప్పట్లు ఒక పిలుపు, ఒక హెచ్చరిక, కొన్నిసార్లు ఆత్మరక్షణ. వేదికపై అది నవ్వు పుట్టించే సాధనంగా మిగిలినది.

మూడవది మతపరమైన వాడకం. అర్ధనారీశ్వరుడు, శిఖండి, బృహన్నల వంటి పురాణ ప్రస్తావనలతో తమకు ప్రాచీన గౌరవం ఉన్నదని చెప్పుకోవడం ఉద్యమంలో సాధారణం. ఇది వినేవారిని సులభంగా ఒప్పిస్తుంది. కాని ముస్లిం పద్ధతులు పాటించే హిజ్రాలకు, కులవ్యవస్థను తిరస్కరించిన దళితులకు ఆ గౌరవంలో చోటెక్కడ అన్న ప్రశ్న వచ్చినది. 2015లో ఏర్పడిన కిన్నర్ అఖాడాకు నాయకురాలైన లక్ష్మీ నారాయణ్ త్రిపాఠి 2018లో అయోధ్య రామమందిర నిర్మాణాన్ని సమర్థించినప్పుడు అనేక ట్రాన్స్‌జెండర్ బృందాలు, వ్యక్తులు నవంబరులో ఖండన ప్రకటన విడుదల చేశారు. హిజ్రాల ఉమ్మడి సంస్కృతిని ఒకే మతానికి అప్పగించడం తగదని వారి వాదన.

రిజర్వేషన్ల వివాదం

ఈ చర్చ అంతా పుస్తకాలకే పరిమితం కాదని రిజర్వేషన్ల అంశం చూపుతుంది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పులో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతిగా పరిగణించి రిజర్వేషన్లు కల్పించాలని ఆదేశించినది. 2019లో పార్లమెంటు చేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టంలో రిజర్వేషన్ల ప్రస్తావన లేదు.

రిజర్వేషన్లు రెండు రకాలు. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులకు ఇచ్చేవి నిలువు రిజర్వేషన్లు. స్త్రీలకు, వికలాంగులకు ఇచ్చేవి అడ్డు రిజర్వేషన్లు. ఇవి ప్రతి నిలువు విభాగం లోపల అమలవుతాయి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులందరినీ వెనుకబడిన తరగతుల జాబితాలో చేర్చినచో అది నిలువు పద్ధతి అవుతుంది. ఉదాహరణకు, మిరప కోతలకు వెళ్ళే దళిత కుటుంబంలో పుట్టిన ట్రాన్స్ మహిళ అప్పుడు షెడ్యూల్డు కులపు హక్కునో, ట్రాన్స్‌జెండర్ హక్కునో ఏదో ఒకటే ఎంచుకోవలసి వస్తుంది. వెనుకబడిన తరగతుల జాబితాలో ఇప్పటికే ఉన్న కులపు ట్రాన్స్ వ్యక్తికి కొత్తగా వచ్చేది ఏమీ ఉండదు. ఎక్కువ లాభం పొందేది ఏ రిజర్వేషనూ లేని అగ్రకులాల వారే. అడ్డు పద్ధతిలో అయితే ప్రతి కులవర్గంలోనూ ట్రాన్స్ వ్యక్తులకు విడిగా స్థానాలు ఉంటాయి.

కర్ణాటక 2021లో ప్రభుత్వోద్యోగాలలో 1 శాతం అడ్డు రిజర్వేషన్ ఇచ్చినది. మధ్యప్రదేశ్ 2023లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను వెనుకబడిన తరగతుల జాబితాలో చేర్చినది. అడ్డు రిజర్వేషన్ కోసం గ్రేస్ బాను సుప్రీంకోర్టును ఆశ్రయించగా, నల్సా తీర్పుపై స్పష్టత కోరిన ఆ దరఖాస్తును కోర్టు 2023 మార్చిలో స్వీకరించలేదు. ట్రాన్స్‌జెండర్‌ను ఒక కులంగా చూడడం సరికాదని మద్రాసు హైకోర్టు 2024 జూన్‌లో తీర్పు చెప్పినది.

ఆచరణలో మరొక చిక్కు కలదు. కుల ధ్రువీకరణ పత్రం తల్లిదండ్రుల వివరాలను, బడి రికార్డులను బట్టి తహశీల్దారు కార్యాలయం ఇస్తుంది. చిన్నతనంలోనే ఇల్లు విడిచిన వ్యక్తికి బడి రికార్డులో పాత పేరు, పాత లింగం ఉంటాయి. కుటుంబం సాక్ష్యం చెప్పడానికి ముందుకు రాకపోవచ్చు. ఆ విధంగా కులం కారణంగా అవమానం పొందిన వ్యక్తి ఆ కులం వలన రావలసిన హక్కును మాత్రం రుజువు చేసుకోలేకపోతుంది.

సాహిత్యం

హిజ్రా జీవితాన్ని తెలుగు పాఠకులకు పరిచయం చేసిన గ్రంథాలలో "ఒక హిజ్రా ఆత్మకథ" ముఖ్యమైనది. ఎ. రేవతి ఆత్మకథ 2010లో ఆంగ్లంలో వెలువడినది. దానిని గుంటూరు జిల్లా కొలకలూరులో జన్మించిన రచయిత్రి పి. సత్యవతి తెలుగులోకి అనువదించినది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన ఈ అనువాదానికి 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం లభించినది.

భిన్నాభిప్రాయాలు

కులం ప్రస్తావన తెస్తే అసలే చిన్నదైన సముదాయం చీలిపోతుందని కొందరు పెద్దల అభిప్రాయం. జమాత్‌లో కులం లేదని, బయటి చదువులు దానిని లోపలికి తెస్తున్నాయని వారు అంటారు. కులం గురించి మాట్లాడనంత మాత్రాన అది పోదని, మాట్లాడకపోవడం వలన మేలు పొందేది పై మెట్టుపై ఉన్నవారేనని ఎదుటి వర్గం సమాధానం.

సాంస్కృతిక స్వాయత్తం అనే భావనపై కూడా ఏకాభిప్రాయం లేదు. కళలు, మాటలు ఎప్పుడూ చేతులు మారుతూనే ఉంటాయని, ఎవరూ వాటికి గట్లు వేయలేరని కొందరు వాదిస్తారు. అరువు తెచ్చుకోవడం తప్పు కాదని, అరువిచ్చిన వారిని వాకిట నిలబెట్టి తాము లోపల భోజనానికి కూర్చోవడమే తప్పని విమర్శకులు అంటారు.

ఇవి కూడా చూడండి

హిజ్రా
నేరస్థ జాతుల చట్టం
స్టువర్టుపురం
కారంచేడు ఘటన
స్థానం నరసింహారావు
కూచిపూడి నృత్యం
కళావంతులు
జోగిని వ్యవస్థ
నల్సా తీర్పు